గడిచిన సంవత్సరాలకు కొత్త పన్ను: కాంట్రాక్టర్ల గోడు

ఢిల్లీలో లక్ష్మీ నగర్ అనగానే సి.ఎ. విద్యార్థులకు కోచింగ్ కేంద్రాలు గుర్తుకొస్తాయి. అక్కడి నుంచి వికాస్ మార్గ్ వెంట పడమరకు వెళ్లి యమున వంతెన దాటితే ఒక పెద్ద కూడలి వస్తుంది. దాన్ని అందరూ ఐ.టి.ఓ. అంటారు. ఇన్‌కమ్ ట్యాక్స్ ఆఫీసు అన్న మాటల పొడి అక్షరాలే ఆ చోటికి పేరయ్యాయి. నదికి ఒకవైపు విద్యార్థులు పన్ను చట్టాన్ని వల్లె వేస్తుంటారు. మరోవైపు అధికారులు దాన్ని అమలు చేస్తుంటారు. అలా వల్లె వేసిన సెక్షన్లలో 1961 ఆదాయపు పన్ను చట్టంలోని 80-ఐఎ ఒకటి. దాని చివర, సందేహాలు తొలగించడానికి అంటూ మొదలయ్యే చిన్న వివరణ ఉంది. పరీక్షలో రెండు మార్కుల విషయంలా కనిపిస్తుంది గానీ, ఆంధ్రప్రదేశ్‌తో సహా దేశమంతటా రోడ్లు, కాలువలు, వంతెనలు కట్టే కాంట్రాక్టర్లను ఏళ్ల తరబడి ట్రిబ్యునళ్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిప్పింది ఆ వివరణే.

ముందుగా నేపథ్యం చూద్దాం. రోడ్లు, రేవులు, నీటి పథకాల వంటి మౌలిక సదుపాయాలకు ప్రైవేటు పెట్టుబడి రావాలన్న ఉద్దేశంతో ప్రభుత్వం లాభాలపై పన్ను మినహాయింపు ప్రకటించింది. ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుని ఒక సదుపాయాన్ని అభివృద్ధి చేసినా, నిర్వహించినా, రెండూ చేసినా మినహాయింపు దొరుకుతుంది. 2001 సవరణ తర్వాత ఇది వరుసగా పదేళ్లపాటు, లాభంలో నూటికి నూరు శాతం. చిక్కంతా 'అభివృద్ధి చేయడం' అన్న మాటలో ఉంది. చట్టం దానికి నిర్వచనం ఇవ్వలేదు. ప్రభుత్వం డబ్బిస్తుంటే కాలువ తవ్విన కాంట్రాక్టరు కూడా అభివృద్ధి చేసినవాడేనా? అవునన్నారు కాంట్రాక్టర్లు. 2004లో ముంబయి ట్రిబ్యునల్ ఒక కేసులో వారి వాదనను అంగీకరించింది. ఆ ఏడాదే ఆంధ్రప్రదేశ్‌లో జలయజ్ఞం మొదలై, నీటిపారుదల పనులకు పెద్ద పెద్ద టెండర్లు వెలువడ్డాయి.

2007లో ఆర్థిక చట్టం 80-ఐఎకు ఒక వివరణ చేర్చింది. వర్క్స్ కాంట్రాక్టు చేసేవారికి ఈ మినహాయింపు వర్తించదన్నది దాని సారం. అయితే ఆ మాటలు ప్రభుత్వం నుంచి నేరుగా పని తీసుకున్నవారికి తగులుతాయా లేదా అన్న వాదన మిగిలింది. 2009లో వివరణను తిరగరాసి, కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఇచ్చిన పనులు కూడా ఇందులోకి వస్తాయని స్పష్టం చేశారు. విద్యార్థులు ఇక్కడ తేదీలను గమనించాలి. రాసింది 2007లో, 2009లో. అమలు మాత్రం 2000 ఏప్రిల్ 1 నుంచి.

దీనివల్ల కాంట్రాక్టరుకు ఏం జరుగుతుందో ఊహించిన అంకెలతో లెక్క వేద్దాం. సర్‌చార్జీ వంటివి పక్కన పెట్టి, పన్ను 35 శాతం అనుకుందాం. ఒక కాలువ పనికి ఖర్చు 93.5 కోట్లు. పన్నుపోను 6.5 కోట్లు మిగలాలని కాంట్రాక్టరు ఉద్దేశం. మినహాయింపు లేకపోతే అతనికి 10 కోట్ల లాభం రావాలి, అంటే 103.5 కోట్లకు టెండరు వేయాలి. మినహాయింపు ఉందని నమ్మితే 100 కోట్లకే వేయగలడు. పోటీలో అలాగే వేస్తాడు. పని పూర్తవుతుంది, బిల్లు చెల్లుతుంది. ఆ తర్వాత చట్టం మారి, 6.5 కోట్ల మీద సుమారు 2.28 కోట్ల పన్ను కట్టమంటుంది, దానిపైన వడ్డీ. పాత టెండరు ధరను ఇప్పుడు పెంచుకునే వీలులేదు. పైగా మినహాయింపు వల్ల తగ్గిన 3.5 కోట్లు అప్పటికే పని చేయించుకున్న రాష్ట్రానికి మిగిలాయి. పన్ను అడుగుతున్నది కేంద్రం. పన్ను రేటు కన్నా ఈ లెక్కే కాంట్రాక్టర్లను ఎక్కువగా బాధించింది. రేటు ముందే తెలిస్తే ధరలో కలుపుకోవచ్చు కదా!

పన్ను శాఖ వాదననూ కొట్టిపారేయలేం. సొంత డబ్బు పెట్టి, నష్టభయం మోసేవారికోసం ఇచ్చిన రాయితీ అది. నెలనెలా ప్రభుత్వ బిల్లులు తీసుకునే సివిల్ కాంట్రాక్టరుకు ఎందుకు? ప్రశ్న సరైనదే. ఆ మాట 2000లోనే చట్టంలో రాసి ఉంటే ఇంత తగవు ఉండేది కాదని నా అభిప్రాయం.

ఇలా వెనక్కి వెళ్లి చట్టం చేయవచ్చా అని మీరు అడగవచ్చు. రాజ్యాంగం 20(1) అధికరణం ప్రకారం, చేసినప్పుడు నేరం కాని పనికి తర్వాత చట్టం చేసి శిక్షించరాదు. ఆ రక్షణ నేరాలకే గానీ పన్నులకు లేదు. శాసనసభలు, పార్లమెంటు వెనుకటి తేదీ నుంచి పన్ను వేయగలవు; అది మరీ అసమంజసమైతే కోర్టులు జోక్యం చేసుకోవచ్చు. 80-ఐఎ వివరణ చెల్లుబాటును సవాలు చేసిన ఒక కాంట్రాక్టు సంస్థకు 2013లో గుజరాత్ హైకోర్టులో చుక్కెదురైంది. ఇది కొత్త పన్ను కాదు, మొదటి నుంచీ ఉన్న అర్థాన్ని విప్పి చెప్పడమేనని కోర్టు భావించింది.

అయినా తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. 2012లో హైదరాబాద్ ట్రిబ్యునల్ ఒప్పందాలను ఒక్కొక్కటిగా పరిశీలించాలంది. డిజైను, పెట్టుబడి, సాంకేతిక నైపుణ్యం, నష్టభయం కాంట్రాక్టరువే అయితే, పని ఇచ్చింది ప్రభుత్వమైనా అతను అభివృద్ధి చేసినవాడే. ఇచ్చిన నక్షా ప్రకారం కూలీలతో కట్టి బిల్లు తీసుకుంటే ఉత్త వర్క్స్ కాంట్రాక్టరే. అంటే పేరును బట్టి కాక, కాగితాల్లోని షరతులను బట్టి తేలుతుంది. పాత ఒప్పందాలు భద్రపరచుకున్నవారికి అది కలిసివచ్చింది.

వెనుకటి తేదీ పన్ను అంటే పత్రికలు ఎక్కువగా వొడాఫోన్ గురించే రాశాయి. 2012 జనవరిలో సుప్రీంకోర్టు ఆ కంపెనీ పక్షాన తీర్పిస్తే, అదే ఏడాది పార్లమెంటు 1962 నుంచి వర్తించేలా చట్టాన్ని సవరించింది. 2021లో చేసిన మరో చట్టం ఆ తరహా పాత డిమాండ్లను షరతులతో ఉపసంహరించింది. కాలువలు, రోడ్లు కట్టినవారి వివరణను మాత్రం అది ముట్టుకోలేదు. 2017 ఏప్రిల్ 1 నుంచి మొదలైన మౌలిక సదుపాయాలకు 80-ఐఎ మినహాయింపే లేదు కనుక కొత్త పనుల్లో ఈ తగవు రాదు. అంతకు ముందు మొదలైనవాటికే పరిమితం.