గొంతులో చీము... ఛాతీ దాకా!

నాలుగు రోజులుగా గొంతునొప్పి. మెడికల్ షాపు మాత్రలు, ఉప్పునీళ్లు పుక్కిలించడం, మిరియాల కషాయం అన్నీ అయ్యాయి. మూడోరోజు కాస్త తగ్గినట్టే అనిపించింది. నాలుగోరోజు తెల్లారేసరికి ఇడ్లీ ముక్క కాదు కదా, ఉమ్మి కూడా దిగడం లేదు. నొప్పంతా ఒకే వైపు. ఆ వైపు చెవిలోనూ పోటు. వేడి అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నట్టు మాట ముద్దగా వస్తోంది. నోరు తెరవమంటే దవడ కదలదు.

ఇంట్లో ఎవరికైనా ఇలా ఉంటే అది మామూలు గొంతునొప్పి కాకపోవచ్చు. టాన్సిల్ పక్కన చీముగడ్డ ఏర్పడిందేమోనని అనుమానించాలి. వైద్యుల భాషలో దీని పేరు పెరిటాన్సిలర్ ఆబ్సెస్. పాతకాలపు పేరు క్విన్సీ. పసిపిల్లల్లో తక్కువ. కాలేజీ వయసు పిల్లల్లో, ముప్ఫైల్లో ఉన్నవాళ్లలో ఎక్కువ. కొందరు దీన్నీ 'గవదబిళ్లలు' అనేస్తుంటారు. అది వేరు. గవదబిళ్లల్లో చెవి కింద, చెంప దగ్గర బయటికి వాపు కనిపిస్తుంది. ఇక్కడ వాపు లోపల ఉంటుంది.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఈ జబ్బులో మాత్రం గుట్టు చెప్పేది కొండనాలుకే! ఒకవైపు చీము నిండి ఉబ్బడంతో అది రెండోవైపునకు ఒరిగిపోతుంది. అయితే అది చూడాలన్నా నోరు తెరవాలిగా. మామూలుగా మన నోట్లో మూడు వేళ్లు నిలువుగా పడతాయి. జ్వరం, గొంతునొప్పి ఉన్న మనిషికి ఒక వేలు పట్టడమే కష్టమైతే ఇక ఇంట్లో కూర్చోకూడదు.

చీము నడిచే దారి

టాన్సిల్ చుట్టూ పల్చటి పొర, దాని వెనక కండరపు గోడ ఉంటాయి. చీము చేరేది ఈ రెంటి మధ్యే. గోడ దాటిందంటే మెడలోని లోతైన ఖాళీల్లోకి దిగుతుంది. మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని టాన్సిల్‌కు వెనగ్గా సుమారు రెండున్నర సెంటీమీటర్ల దూరంలోనే ఉంటుంది. చీము ఆ ధమని గోడను తినేస్తే ప్రాణాంతకమైన రక్తస్రావం. అరుదే, కానీ అసాధ్యం కాదు. గొంతు వెనక ఖాళీల్లోంచి జారితే గుండె, ఊపిరితిత్తుల నడుమకే చేరుతుంది. అప్పుడు ఛాతీలో నొప్పి, ఆయాసం మొదలవుతాయి. ఆ దశలో ఛాతీకి ఆపరేషన్ చేసి చీము తీయాల్సి రావచ్చు.

మరో దారి రక్తనాళాల్లోంచి. మెడలోని పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి, ఆ గడ్డలోని సూక్ష్మజీవులు ముక్కలుగా ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. దీన్ని వివరించిన ఫ్రెంచ్ వైద్యుడు లెమియేర్ పేరే ఈ జబ్బుకు పెట్టారు. 1936లో ఆయన ప్రచురించిన 20 కేసుల్లో 18 మంది చనిపోయారు. అది యాంటీబయాటిక్స్ రాకముందు మాట. ఇప్పుడు చాలామంది బతుకుతున్నారు, సకాలంలో గుర్తిస్తేనే.

నిద్రలో గడ్డ దానంతటదే పగిలి, చీము ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. అందుకే వేలుతోనో, చెంచా కాడతోనో గడ్డను చిదిమే ప్రయత్నం ఎప్పుడూ చేయొద్దు.

సూది చాలు

చీము పట్టాక ఒట్టి మాత్రలతో లొంగడం కష్టం. బయటికి తీయాల్సిందే. భయపడాల్సిన పనేం లేదు. చాలామందికి స్థానికంగా మత్తిచ్చి, కూర్చోబెట్టే సూదితో లాగేస్తారు, లేదా చిన్న గాటు పెడతారు. చీము పోగానే నోరు తెరుచుకోవడం మొదలవుతుంది. అంతవరకు మంచినీళ్లు కూడా మింగలేని మనిషికి అది ఎంత ఊరటో అనుభవించినవాళ్లకే తెలుసు. ఆ తర్వాత యాంటీబయాటిక్స్, అవసరమైతే సెలైన్. నాలుగు రోజులకే తగ్గిందని మందులు ఆపేయకుండా డాక్టరు చెప్పినన్నాళ్లూ వాడాలి. మెడలోకి పాకిందన్న అనుమానం ఉంటే సీటీ స్కాన్ తీస్తారు. మధుమేహం ఉన్నవాళ్లలో ఈ ఇన్‌ఫెక్షన్ వేగంగా ముదురుతుంది కాబట్టి వారు ఒక్కరోజు కూడా ఆగకూడదు.

జొల్లు కారుతూ, ఊపిరి తీసేటప్పుడు గొంతులో శబ్దం వస్తున్నా, మెడ వాచి బిగుసుకుపోయినా రోగిని వెల్లకిలా పడుకోబెట్టొద్దు. కూర్చోబెట్టే, ఈఎన్‌టీ డాక్టరున్న పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి.

ఒకసారి వచ్చినవాళ్లలో కొందరికి మళ్లీ వస్తుంది. అలాంటివారికి, వాపు పూర్తిగా తగ్గాక, టాన్సిల్స్ తీయించుకోమని సలహా ఇస్తారు.