అందరి ఆట

పాఠశాలలో వార్షిక క్రీడోత్సవము జరుగు దినమున మైదానమును ఒకసారి పరికించి చూడుడు. పరుగెత్తువారు పదిమంది, చుట్టును కూర్చుండి చప్పట్లు కొట్టువారు మూడు వందల మంది. గెలిచినవారిని అందరును మెచ్చుకొందురు. కాని ఆరోగ్యశాస్త్ర దృష్టితో చూచినచో మనము ఎక్కువగా పట్టించుకొనవలసినది కూర్చున్న ఆ మూడు వందల మందినే. కారణమేమో విచారింతము.

బస్సులలో జరిగిన పరిశోధన

శరీరశ్రమకును గుండెజబ్బునకును గల సంబంధమును శాస్త్రీయముగా పరిశీలించినవారిలో ప్రథముడు జెరెమీ మారిస్ అను బ్రిటిషు వైద్యుడు. ఆ కాలమున లండను నగరపు రెండంతస్తుల బస్సులలో డ్రైవరు దినమంతయు కూర్చుండియే పనిచేయును. కండక్టరు టిక్కెట్లిచ్చుటకై మెట్లెక్కుచు, దిగుచు నుండును. అతడు దినమునకు ఎక్కు మెట్లు సుమారు 600. మారిస్ బృందము 1953లో ప్రకటించిన ఫలితములను బట్టి డ్రైవర్లకంటె కండక్టర్లలో గుండెజబ్బు తక్కువ.

ఇచ్చట ఒక సందేహము కలుగవచ్చును. లావుగా నున్నవారే డ్రైవరు పనిలో చేరిరేమో! మారిస్ ఈ ప్రశ్నను విడిచిపెట్టలేదు. ఉద్యోగులకు కుట్టించిన దుస్తుల నడుము కొలతలను తెప్పించి చూచెను. డ్రైవర్ల కొలతలు నిజముగనే పెద్దవి. అయినను నడుము సన్నమైనను లావైనను కండక్టర్లకే అపాయము తక్కువగా కనబడెను.

దీనికి కారణములు శరీరధర్మములోనే కలవు. శ్రమకు అలవాటుపడిన గుండె ఒక్కొక్కసారి ముడుచుకొన్నప్పుడు ఎక్కువ రక్తమును పంపగలదు. కదలుచున్న కండరములు రక్తమునుండి గ్లూకోజును పీల్చుకొనును. రక్తనాళములకు సాగెడు గుణము నిలిచియుండును.

మొదటి పావుగంట విలువ

మరి ఎంత శ్రమ కావలెను? తైవాను దేశములో 4,16,000 మందికి పైగా జనులను సగటున ఎనిమిదేండ్లపాటు గమనించి, ఆ ఫలితములను 2011లో ప్రకటించిరి. దినమునకు సుమారు 15 నిమిషములు శ్రమించువారిలో, ఏమియు శ్రమ చేయనివారిలోకంటె మరణాపాయము నూటికి 14 పాళ్లు తక్కువ. ఆపైన చేర్చిన ప్రతి 15 నిమిషములకును తగ్గినది మరి 4 పాళ్లు మాత్రమే.

విద్యార్థులు దీనిని గ్రాఫు కాగితముపై గీచి చూడవచ్చును. రేఖ మొదట ఏటవాలుగా దిగి, పిమ్మట మెల్లమెల్లగా దిగును. అనగా, రోజును పరుగెత్తువానిచేత మరొక పావుగంట పరుగెత్తించుటకంటె, కూర్చున్నవానిని లేపి పావుగంట నడిపించుట వలన కలుగు మేలు అధికము. ఒక్క కుర్రవాని విషయములో ఇది చిన్న సంగతిగా తోచవచ్చును. ఊరంతటికి లెక్కకట్టినచో చాల పెద్దది.

పార్కులో పరుగు

కూర్చున్నవారిని లేపుట ఎట్లు? ఉపన్యాసముల వలన ఈ పని అంతగా జరుగదు. 2004 అక్టోబరు 2వ తేదీన లండనులోని బుషీ పార్కులో పాల్ సింటన్-హ్యూయిట్ అనునతడు 5 కిలోమీటర్ల పరుగు నొకదానిని ఏర్పాటు చేసెను. గాయము వలన తాను పరుగెత్తలేకపోయినను, స్నేహితులను కలిసికొనవలెనని ఆయన కోరిక. ఆనాడు పరుగెత్తినవారు 13 మంది. పార్క్‌రన్ అని పేరుపడిన ఈ ఏర్పాటు నేడు 20కి పైగా దేశములలో కలదు.

దీని నియమములు చాల తేలిక. ప్రతి వారమును ఒకే చోట, ఒకే వేళకు జరుగును. రుసుము లేదు. నడచినను చాలును. కాలము గుర్తించువారు, దారి చూపువారు అందరును స్వచ్ఛందముగా వచ్చినవారే. అందరికంటె వెనుక ఒక కార్యకర్త నడచుచుండును. కావున చివర వచ్చితినను చిన్నతనము ఎవ్వరికిని కలుగదు. 2018 నుండి బ్రిటనులో పలువురు వైద్యులు తమ రోగులను ఈ పరుగులకు వెళ్లుడని ప్రోత్సహించుచున్నారు.

ఇందొక విచిత్రమున్నది. ఏండ్లు గడచినకొలది ఈ పరుగుల సగటు కాలము తగ్గలేదు, పెరిగినది! జనులు బలహీనులైరా? ఒక లెక్క చేయుదము. పదిమంది 22 నిమిషముల చొప్పున పరుగెత్తిరనుకొనుడు. సగటు 22. మరుసటి యేడు వారే 21 నిమిషములలో ముగించిరి. వారితోపాటు క్రొత్తగా మరి పదిమంది వచ్చి 45 నిమిషములలో నడచిరి. ఇప్పుడు సగటు 33. పాతవారు మెరుగైరి, క్రొత్తవారు కదలిరి. అయినను సగటు మందగించినది. పోటీలో ఇది ఓటమి. ప్రజారోగ్యములో ఇదియే విజయము.

మన పాఠశాలలలో

5 మొదలు 17 ఏండ్లవరకు వయస్సు గల పిల్లలు దినమునకు సగటున 60 నిమిషములు శ్రమించవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో సూచించినది. 2016 నాటి లెక్కలను బట్టి ప్రపంచమున 11-17 ఏండ్లవారిలో ఈ మాత్రము శ్రమ లేనివారు నూటికి 81 మంది. బాలురలో 78, బాలికలలో 85. చూచువారి వరుసలో బాలికలే ఎక్కువగా నుందురని దీనివలన తెలియుచున్నది.

మన చెడుగుడునే తీసికొందము. చిక్కినవాడు బయటికి పోవలెను. సామాన్యముగా మొదట చిక్కునది బలహీనుడే. ఎవనికి శ్రమ ఎక్కువ అవసరమో వాడే ముందుగా కూర్చుండును! ఉపాధ్యాయుడు చిన్న మార్పు చేయవచ్చును. చిక్కినవాడు మైదానము చుట్టును ఒకసారి తిరిగివచ్చి మరల ఆటలో చేరవచ్చునని నియమము పెట్టినచో ఎవరును కూర్చుండరు. ఆట సొగసును చెడదు.

గెలిచినవారి పేర్లతోపాటు, ఆ వారము క్రొత్తగా ఆటకు వచ్చినవారెందరో, ఒక్కొక్కరు ఎన్ని నిమిషములు కదలిరో కూడ విద్యార్థులచేతనే వ్రాయించవచ్చును. నెల తిరిగిన పిమ్మట ఆ అంకెలను గ్రాఫుగా గీయించినచో గణితపాఠమును జరుగును. మైదానములో కూర్చున్నవారి సంఖ్య తగ్గుచున్నదో లేదో కూడ స్పష్టమగును.