క్యాంపర్ వ్యాన్‌కు ఏ పవర్ సిస్టమ్? మేడారంలో రెండు రాత్రుల తర్వాత నా లెక్క

ఇక్కడ నేను ఎక్కువగా రాసేది ఫోన్లు, పవర్ బ్యాంకుల గురించి. ఈసారి బ్యాటరీ కొంచెం పెద్దది. 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీలో ఉండేది సుమారు 19 వాట్ అవర్లు. మా ఈకో వ్యాన్‌లో సీటు కింద ఇప్పుడున్న బ్యాటరీ 1280 వాట్ అవర్లు, అంటే దాదాపు 66 ఫోన్లంత. అంత ఎందుకంటే, మా బాపు నిద్ర కోసం.

బాపుకు స్లీప్ అప్నియా ఉంది. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వస్తుంది. రాత్రంతా ముక్కుకు మాస్క్ పెట్టుకుని సీప్యాప్ మెషిన్ మీద పడుకోవాలి. అది కరెంటు ఉంటేనే నడుస్తుంది. అందుకే ఆయన మూడేళ్లుగా మల్యాల దాటి రాత్రి ఎక్కడా ఉండలేదు. కొండగట్టుకు పోయినా చీకటి పడకముందే ఇల్లు చేరాలి.

2025 మేలో కాళేశ్వరంలో సరస్వతి పుష్కరాలకు ధైర్యం చేశాం. ఇంట్లో ఇన్వర్టర్‌నీ, దాని 150 ఏహెచ్ ట్యూబ్యులర్ బ్యాటరీనీ వ్యాన్ వెనక పెట్టించాను. ఇన్వర్టర్ కేబుల్ పొట్టిగా ఉంటే, బిగించిన ఎలక్ట్రీషియన్ 2.5 చదరపు మిల్లీమీటర్ల ఇంటి వైరుతో పొడిగించాడు. నేను నసిగితే, "అన్నా, గీ వైరు మీద ఇంట్ల గీజరే నడుస్తది, నీ మిషిన్ నడవదా?" అన్నాడు. నాకూ నిజమే అనిపించింది. రాత్రి మూడు గంటలకు ఇన్వర్టర్ కీచుమని ఆగిపోయింది. బాపు మాస్క్ పీకేసి, ఊపిరాడక లేచి కూర్చున్నాడు. తెల్లారేదాకా కుర్చీలోనే ఉన్నాడు. "ఇగ ఎటూ పోను బిడ్డా, ఇంట్లనే ఉంట" అన్నాడు.

తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత లెక్కేస్తే తెలిసింది. 2000 వాట్ల గీజర్ 230 వోల్టుల మీద తీసుకునేది 9 ఆంపియర్లే. మా మెషిన్, టేబుల్ ఫ్యాన్ కలిపి 140 వాట్లు. కానీ 12 వోల్టుల వైపు అది 14 ఆంపియర్లయింది. పోను రాను ఎనిమిది మీటర్ల సన్న వైరులో 0.8 వోల్టు అక్కడే కరిగిపోయింది. 230లో 0.8 పోతే ఎవరికీ పట్టదు. 12లో పోతే ఇన్వర్టర్ బ్యాటరీ అయిపోయిందనుకుని కట్ చేస్తుంది. పైగా ఆ బ్యాటరీ పాతది, దాని కెపాసిటీ సగానికి పడిపోయి ఉంది. ఇంకో మాట కూడా చెప్పాలి. నీళ్లు పోసే ట్యూబ్యులర్ బ్యాటరీ ఛార్జ్ అవుతున్నప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. మనుషులు పడుకునే మూసిన వ్యాన్‌లో దాన్ని పెట్టడం నేను చేసిన పెద్ద పొరపాటు. మీరు చేయకండి.

2026 జనవరి 28 నుంచి 31 వరకు మేడారం జాతర. సమ్మక్కకు నిలువెత్తు బెల్లం మొక్కు బాపుకు బాకీ ఉంది. నాకు ఎనిమిది నెలల టైముంది.

మొదట కొన్నది బ్యాటరీ కాదు, ప్లగ్‌లో పెట్టే చిన్న ఎనర్జీ మీటర్. క్యాంపర్ సెటప్ చేయాలనుకునే ఎవరికైనా నా మొదటి సలహా ఇదే. మెషిన్ మీద రాసి ఉండే వాట్లు గరిష్ఠం మాత్రమే, రోజూ వాడేది అది కాదు. హ్యూమిడిఫైయర్ వేడి ఆన్ చేసి ఎనిమిది గంటలు నడిపితే మెషిన్ 460 వాట్ అవర్లు తీసుకుంది. వేడి ఆపితే 190 మాత్రమే. గాలి ఊదడానికి పెద్దగా ఖర్చు లేదు, నీళ్లు వేడి చేయడానికే ఖర్చంతా. వేడి లేకుండా వాడొచ్చో లేదో డాక్టర్‌ని అడిగాకే ముందుకెళ్లాం. మీరూ అడగండి.

ఇక ఆప్షన్లు. కొత్త ట్యూబ్యులర్ బ్యాటరీ చవకే, కానీ యాభై కిలోలు దాటుతుంది. ఎక్కువకాలం మన్నాలంటే సగమే వాడాలి. హైడ్రోజన్ సంగతి ఎలాగూ ఉంది. రెండోది రెడీమేడ్ పోర్టబుల్ పవర్ స్టేషన్. బాక్స్ తీసి వెంటనే వాడుకోవచ్చు, వైరింగ్ తలనొప్పి లేదు. ఏడాదికి రెండు ట్రిప్పులు చేసేవాళ్లకు నేనూ అదే చెబుతాను. కానీ అందులో ఏది పాడైనా మొత్తం డబ్బా పంపాలి. జగిత్యాలలో విప్పి బాగుచేసేవాళ్లు నాకు దొరకలేదు. అందుకే మూడోది తీసుకున్నాను: 12.8 వోల్టుల 100 ఏహెచ్ లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, మిగతావి విడివిడిగా. బ్యాటరీ 12 కిలోలు, ఒక చేత్తో ఇంట్లోకి తెచ్చుకోవచ్చు. 80 శాతం దాకా వాడినా ఇబ్బంది లేదు. ఫోన్లలో ఉండే లిథియం కెమిస్ట్రీ కన్నా ఇది త్వరగా మంటలంటుకోని రకం.

సెటప్‌లో అందరూ తక్కువగా చూసే భాగం డీసీ-డీసీ ఛార్జర్. ఇంజిన్ ఆల్టర్నేటర్ నుంచి లిథియం బ్యాటరీకి నేరుగా వైరు కలిపితే, బ్యాటరీ అడిగినంతా లాగేస్తుంది. చిన్న వ్యాన్ ఆల్టర్నేటర్ వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో 30 ఆంపియర్ల ఛార్జర్ పెడితే అంతకు మించి లాగదు. అంటే గంటకు సుమారు 390 వాట్ అవర్లు. ఖాళీ బ్యాటరీ నాలుగు గంటల లోపే నిండుతుంది. మల్యాల నుంచి మేడారం నాలుగైదు గంటల ప్రయాణం కాబట్టి దిగేసరికి ఫుల్. ఈసారి వైరు 16 చదరపు మిల్లీమీటర్లది. అదే ఎనిమిది మీటర్లలో 30 ఆంపియర్లకు పోయేది 0.3 వోల్టు కూడా లేదు. పాత వైరు అయితే 1.8 పోయేది. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు జానెడు దూరంలోనే ఉండాలి. ఇందులో బేరం లేదు.

సోలార్ ఎందుకు పెట్టలేదని ఇప్పటికే నలుగురు అడిగారు. నాలుగైదు రోజులు ఒకేచోట ఆగేవాళ్లకు సోలార్ మంచిదే. మనం జాతరకు పోతే చెట్టు నీడ వెతికి ఆపుతాం, పైన ఎర్రటి దుమ్ము. రోజూ వంద కిలోమీటర్లు తిరిగేవాళ్లకు ఆల్టర్నేటరే పెద్ద ప్యానెల్.

ఈ మొత్తం ప్రాజెక్టులో నన్ను ఆశ్చర్యపరిచింది మాత్రం ఇన్వర్టర్. మా వాకిట్లోనే వ్యాన్‌లో రెండు రాత్రులు టెస్ట్ చేశాం. మొదటి రాత్రి ఇన్వర్టర్ ద్వారా నడిపితే పొద్దునకు 24 ఏహెచ్ ఖర్చయింది. రెండో రాత్రి ఇన్వర్టర్ తీసేసి, మెషిన్‌కు సరిపోయే 12 నుంచి 24 వోల్టుల డీసీ కన్వర్టర్ పెడితే 14 మాత్రమే. బ్యాటరీలోని డీసీని 230 ఏసీ చేసి, మెషిన్ అడాప్టర్ దాన్ని మళ్లీ డీసీ చేయడంలో పది ఏహెచ్ ఆవిరి. ఇన్వర్టర్ ఖాళీగా ఉన్నా పది పన్నెండు వాట్లు తాగుతూనే ఉంటుంది. మీ గ్యాడ్జెట్‌కు డీసీ దారి ఉంటే ముందు అదే చూడండి.

ఈ లెక్కలు తెలియాలంటే షంట్ ఉన్న బ్యాటరీ మానిటర్ కావాలి. ఈ రకం బ్యాటరీ సగం అయిపోయినా వోల్టేజ్ 13 పైనే చూపిస్తుంది, కాబట్టి వోల్ట్ మీటర్‌ని నమ్మలేం. షంట్ లోపలికి, బయటికి పోయే కరెంటును లెక్కపెట్టి బ్లూటూత్‌లో ఫోన్‌కు శాతం పంపుతుంది.

సీట్లు తీయలేదు, బాడీకి కోత పెట్టలేదు. రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది. బ్యాటరీ పెట్టె బెల్టులతో కట్టి ఉంటుంది, అంతే.

28న మధ్యాహ్నం మేడారం చేరాం. బ్యాటరీ 100. రాత్రి బాపు మాస్క్ పెట్టుకున్నాక నేను నిద్రపోలేదు, గంటకోసారి ఫోన్‌లో శాతం చూస్తూ కూర్చున్నాను. మూడు గంటలకు 86 ఉంది. మెషిన్ సన్నగా ఊదుతూనే ఉంది. అప్పుడు పడుకున్నాను. పొద్దున 78. 29న పక్క గుడారాలవాళ్లకు మా దగ్గర కరెంటుందని తెలిసిపోయింది. ఫోన్లు వరుసకట్టాయి. ఆ రాత్రి చలికి గొంతు ఆరుతుందని బాపు కాసేపు వేడి పెట్టుకున్నాడు. 30న గద్దెల దగ్గర బెల్లం మొక్కు చెల్లించి వచ్చి చూస్తే 41.

ఎండాకాలం సంగతి ఇంకా తేలలేదు. ఈ బ్యాటరీని 45 డిగ్రీలు దాటితే ఛార్జ్ చేయొద్దని కంపెనీ కాగితంలో ఉంది. మేలో మా జగిత్యాల ఎండకు మూసి ఉన్న వ్యాన్ లోపల అంతకన్నా ఎక్కువే ఉంటుంది. ప్రస్తుతానికి బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి పెడుతున్నా. పెట్టెకు చిన్న ఫ్యాన్, థర్మోస్టాట్ బిగించి చూడాలి. బాపు మాత్రం నిన్ననే అడిగాడు: "పెద్ద జయంతికి కొండగట్టు మీదనే పండుకుందామా?"