మీటరుకు టైమెలా తెలుస్తుంది?

“మీటరుకు టైమెలా తెలుస్తుంది సార్? మన పోలీస్ స్టేషన్ మీది గడియారం చూస్తుందా?” అని రాంగోపాల్‌పేట్‌లో ఎనిమిదో తరగతి పాప అడిగింది. ఎంత చక్కటి ప్రశ్న!

పాత మీటరులో తిరిగే అల్యూమినియం చక్రానికి టైము అక్కర్లేదు. 1889లో హంగేరీ ఇంజనీరు ఓట్టో బ్లాతీ పేటెంటు తీసుకున్న పద్ధతి అది. వోల్టేజికి ఒక తీగచుట్ట, కరెంటుకు మరొకటి. రెండూ కలిసి చక్రాన్ని తిప్పుతాయి. రెండు కిలోవాట్ల గీజరు అరగంట వేస్తే, పొద్దున ఏడింటికైనా మిట్టమధ్యాహ్నమైనా అది చూపించేది ఒక్క యూనిట్టే.

స్మార్ట్ మీటరులో మాత్రం ఒక బుల్లి క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. శ్రుతిదండం ఆకారంలో కోసిన ఆ పలుకు సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. ఎందుకా సంఖ్య? సగం చేయండి, మళ్లీ సగం చేయండి. పదిహేనుసార్లు చేస్తే సరిగ్గా ఒకటి మిగులుతుంది. అదే సెకను! సర్క్యూట్‌కు సగం చేయడమంత తేలికైన పని లేదు. అయితే ఈ స్ఫటికానికి 25 డిగ్రీల దగ్గరే హాయి; ఎండైనా చలైనా నెమ్మదిస్తుంది. మే నెలలో మీటరు పెట్టె 45 డిగ్రీలకు కాగితే రోజుకు సెకను పైచిలుకు వెనకబడుతుంది. అందుకే మంచి మీటరు వేడిని కొలిచి ఆ తేడా సరిచేసుకుంటుంది. కరెంటు పోతే బ్యాటరీ గడియారాన్ని నడుపుతుంది. వాడిన యూనిట్లు ఏ వేళవి ఆ వేళ ఖాతాలోనే పడతాయి. నాకు అన్నిటికంటే ముద్దొచ్చే భాగం ఇదే.

మీటరుకు టైము తెలిస్తే యూనిట్ ధరను వేళను బట్టి మార్చవచ్చు. అలా మార్చడం ఎందుకంటే, మధ్యాహ్నం సోలార్ కరెంటు దండిగా ఉంటుంది. పొద్దుగూకితే అది పోతుంది, ఇళ్లలో వాడకం పెరుగుతుంది. శ్రీశైలం ఎడమగట్టున 150 మెగావాట్ల రివర్సిబుల్ యూనిట్లు ఆరు ఉన్నాయి. కరెంటు మిగిలినప్పుడు నీళ్లు పైకి తోడి, కొరతప్పుడు కిందికి వదలడానికే అవి. ఇంట్లో వాడకాన్ని కరెంటు మిగిలే వేళకు జరిపే పని ధర చేస్తుంది.

తెలంగాణలో హెచ్‌టీ (హై టెన్షన్) పరిశ్రమలకు వేళను బట్టి ధర కొత్తేం కాదు. 2023 కేంద్ర నిబంధనలు ఇళ్లనూ ఇందులోకి తెచ్చాయి: సోలార్ వేళల్లో ధర కనీసం 20 శాతం తగ్గాలి, పీక్ (వాడకం ఎక్కువుండే) వేళల్లో కనీసం 10 శాతం పెరగాలి. మామూలు యూనిట్ 5 రూపాయలనుకుంటే, అటు 4, ఇటు 5.50. పగలు ఇంట్లో ఎవరూ లేని కుటుంబానికి ఇది కష్టమే. నా మటుకు పీక్ భారం మోపేముందు వాళ్ల సంగతి చూడాలి.

మీ ఇంటికి స్మార్ట్ మీటరు వస్తే బటన్ నొక్కి తేదీ, టైము చూడండి. తేడా ఉంటే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి.