నది ఎంత భరింపగలదు?

మురుగుకాలువ నదిలో కలియు చోట ముక్కు మూసికొని, నాలుగు క్రోసులు దిగువకు పోయినచో నీరు బాగుపడి యుండునని మనము తలంతుము. ఆ తేటనీటిలోనే చేపలు ఊపిరాడక తేలుట కలదు. ఇది ఎట్లు సంభవించునో నేటి ప్రసంగమున వివరింప బూనితిమి.

నీటిలో కరగియున్న ప్రాణవాయువే జలచరములకు ఆధారము. అది మిక్కిలి స్వల్పము. 20 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమిగల లీటరు నీటిలో సాధారణముగా సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడును. వేసవిలో 30 డిగ్రీలకు చేరిన నీటిలో ఏడున్నరకు తగ్గును. మురుగులోని మాలిన్యమును సూక్ష్మజీవులు ఆరగించును. ఆ భోజనమునకు ప్రాణవాయువు వ్యయమగును. నదికి ఆదాయమును లేకపోలేదు. గాలినుండి కొంత ప్రాణవాయువు నీటిలోనికి దిగుచునే యుండును. లోటు హెచ్చిన కొలదియు ఆ రాక వేగిరపడును. రాళ్లపై దూకు ఏరు త్వరగా కోలుకొనును. ఆనకట్ట వెనుక మందగించిన నీటికి అంత శక్తి లేదు.

ఓహయో నదిని పరిశోధించి, ఈ జమాఖర్చును 1925లో సమీకరణముగా ప్రకటించినవారు అమెరికా ప్రజారోగ్యశాఖకు చెందిన స్ట్రీటరు, ఫెల్ప్సు అనువారు. అందు ప్రధానముగ రెండే వేగములు: ప్రాణవాయువు తరుగు వేగము, చేరు వేగము. గీత గీసి చూచినచో ప్రాణవాయువు క్రమముగా దిగి, ఉయ్యాల త్రాడువలె వంగి, మరల పైకి లేచును. ఆ వంపు అడుగు కాలువ ముఖమున గాక, నీరు ఒకటి రెండు దినములు ప్రవహించిన పిదప పడవచ్చును. అనగా మురుగు వదలిన పట్టణము సుఖముగా నుండ, ఏ పాపమెరుగని దిగువ పల్లె ఫలము ననుభవించును. మా దృష్టిలో ఈ లెక్క బయటపెట్టిన ముఖ్యవిషయ మిదియే.

మురుగును ఎంతవరకు శుద్ధిచేసి వదలవలెనో నిర్ణయించుటకు ఈ లెక్క తోడ్పడును. అంతకు పూర్వమే, 1912లో, బ్రిటిషు రాయల్ కమిషను ఒక హద్దు సూచించినది: వదలు నీరు ఐదు దినములలో లీటరుకు 20 మిల్లీగ్రాములకు మించి ప్రాణవాయువును హరింపరాదు. అయితే ఆ హద్దు, కనీసము ఎనిమిది రెట్లు నదీజలము కలియు చోట్లకే. మన వేసవి ఏరులలో ఎనిమిది రెట్ల నీ రెక్కడిది? హైదరాబాదు దిగువ మూసీలో ఎండకాలమున పారునది చాలవరకు నగరపు మురుగే గదా! మన దేశమున ఆ పరీక్షను 27 డిగ్రీలలో మూడు దినములు జరుపుదురు. ఉష్ణదేశమునకు అది తగియున్నది.

రెండు వేగముల లెక్కకు లోపములు కలవు. అడుగున పేరుకొన్న బురదయు ప్రాణవాయువును హరించును. నాచు పగటియెండలో దానిని విడుచును. రాత్రి తానే పీల్చుకొనును. మధ్యాహ్నము సీసా నింపుకొని పోయిన పరీక్షకునకు నది ఆరోగ్యముగా కనిపించును. చేపలు తేలునది తెల్లవారుజామున.