తీవ్ర శ్వాసవైఫల్యము – మరణమునకు దారితీయు కారణములు

మన బొగ్గు ప్రాంతమున ఆయాసమును తెలుగువారును, ఉర్దూ మాట్లాడువారును ‘దమ్ము’ అనియే అందురు. గోదావరిఖని, రామగుండము వాడలలో ఈ మాట వినని ఇల్లు అరుదు. ఏండ్ల తరబడి గనిలో బొగ్గు ధూళిని, రాతి ధూళిని పీల్చుట వలన ఊపిరితిత్తులు గట్టిపడు న్యూమోకోనియోసిస్. బీడీ, సిగరెట్టు, పొయ్యి పొగల వలన శ్వాసనాళములు ఇరుకగు దీర్ఘవ్యాధి. క్షయ నయమైన పిమ్మటను మిగిలిపోవు మచ్చలు – ఇవి దమ్మునకు ముఖ్య మూలములు. ఇట్టి ఊపిరితిత్తులకు న్యుమోనియా వంటిది తోడైనప్పుడు అది తీవ్ర శ్వాసవైఫల్యముగా మారును. ఆసుపత్రి చేరిన అట్టి రోగులలో కొందరు కోలుకొనుటకును, కొందరు మరణించుటకును కారణములేమి?

ఊపిరితిత్తులకు రెండు పనులు గలవు: ప్రాణవాయువును రక్తమునకు అందించుట, బొగ్గుపులుసు వాయువును వెలికి పంపుట. ధమని రక్తమున ప్రాణవాయు పీడనము 60 మిల్లీమీటర్లకు తగ్గినచో అది మొదటి రకము వైఫల్యము. బొగ్గుపులుసు వాయు పీడనము 45 మిల్లీమీటర్లను మించి, రక్తమున ఆమ్లత పెరిగినచో అది రెండవ రకము. దీర్ఘకాలపు దమ్ము గలవారిలో ఈ రెండవది తరచుగా కనిపించును.

మరణావకాశమును పెంచు కారణములలో కొన్ని మన చేతిలో లేనివి. వార్ధక్యము, కాన్సరు, కాలేయవ్యాధి, రోగనిరోధక శక్తి సన్నగిల్లుట ఇట్టివి. వ్యాధి తీవ్రత మరియొకటి. 50 దేశములలో జరిగి 2016లో ప్రకటింపబడిన ఒక పరిశీలనలో, ఏ.ఆర్.డి.ఎస్. అను తీవ్ర శ్వాసవైఫల్యము గల రోగులలో స్వల్ప స్థాయివారు నూటికి 35 మంది, మధ్యస్థాయివారు 40 మంది, తీవ్రస్థాయివారు 46 మంది ఆసుపత్రిలోనే మరణించిరి. స్వల్ప స్థాయిలోనే ఇందరు మరణించుట గమనింపదగినది. ఊపిరితిత్తులు ఒక్కటే ప్రాణమును నిర్ణయింపవు. రక్తములో విషక్రిములు వ్యాపించి, రక్తపోటు పడిపోయి, మూత్రపిండములు, కాలేయము వరుసగా చెడిన కొలది ఆశ సన్నగిల్లును.

చికిత్సకు సంబంధించిన కారణములు మాత్రము మార్పదగినవి. వెంటిలేటరు ప్రాణదాతయే గాని, అది అధికముగా గాలిని నింపినచో ఊపిరితిత్తులను గాయపరచును. 2000లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో, ఒక్కొక్క శ్వాసకు పంపు గాలిని సగమునకు తగ్గించగా మరణములు నూటికి 40 నుండి 31కి తగ్గినవి. అట్లే దీర్ఘకాలపు దమ్ము రోగికి ప్రాణవాయువును మితిమీరి ఇచ్చినను కీడే. అతని రక్తమున ప్రాణవాయు శాతము 88–92 మధ్య ఉండిన చాలును. అట్టి రోగికి ముఖమునకు తొడుగు మాస్కు ద్వారా సకాలమున యంత్రశ్వాస నందించినచో, గొంతులో గొట్టము వేయవలసిన అవసరమును, దానివలన వచ్చు అంటువ్యాధులును తగ్గును.

సకాలమున అందిన శ్వాస ఎంతటి మేలు చేయునో 1952లో కోపెన్‌హాగన్ నగరము చూపినది. పోలియో వలన శ్వాస నిలిచిన రోగులకు, డాక్టరు బ్యోర్న్ ఇబ్సెన్ సూచనపై, వందలాది విద్యార్థులు రేయింబవళ్ళు వంతులవారీగా చేతితో సంచిని నొక్కుచు ఊపిరి పోసిరి. నూటికి 80కి పైగా ఉన్న మరణములు సగమునకు తగ్గినవి. నేటి ఇంటెన్సివ్ కేర్ విభాగములకు అదియే నాంది.

కాలహరణమును మాన్పుట కుటుంబమువారి చేతిలోనిది. రోగి ఒక వాక్యమును పూర్తిగా పలుకలేకపోవుట, పెదవులు నీలివర్ణమగుట, ఆక్సీమీటరులో ఎప్పటికంటె శాతము పడిపోవుట ప్రమాద సూచనలు. రాత్రియంతయు ఆయాసపడినవాడు తెల్లవారుజామున మగతగా నిద్రించినచో “నెమ్మదించినది” అని ఇంటివారు సంతసింతురు. అది బొగ్గుపులుసు వాయువు మెదడును క్రమ్మిన మత్తు కావచ్చును. తట్టినను సరిగా మేల్కొననిచో ఒక్క క్షణమును జాగు చేయరాదు.

2022లో రామగుండమున వైద్యకళాశాల తరగతులు ప్రారంభమైనవి. మన విద్యార్థులలో కొందరు అచట వైద్యులు కావచ్చును. కాని ఈ సూచనలను గుర్తించి, ఇంటి పెద్దను వేళకు ఆసుపత్రికి చేర్చుటకు వైద్యపట్టము అక్కరలేదు, ఎరుక చాలును.