పాలిటెక్నిక్ మీదుగా వెళ్ళినా ఆరేళ్ళే

కాకినాడ: పదవ తరగతి ఫలితాలు వచ్చిన వారంలో పల్లెల్లో ఒకటే చర్చ. పిల్లవాణ్ణి ఇంటర్‌లో చేర్చాలా, పాలిటెక్నిక్‌లో చేర్చాలా? ఇంటర్ ఎం.పి.సి. చదివితే ఇంజనీరు అవుతాడు, పాలిటెక్నిక్ చదివితే సూపర్‌వైజరుగా మిగిలిపోతాడు అనే మాట రచ్చబండ దగ్గర ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ మాట ఏనాడో పాతబడింది. డిప్లొమా పూర్తి చేసినవారు ఇసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి, బి.టెక్. రెండవ సంవత్సరంలో నేరుగా చేరవచ్చు.

ఈ సంగతి తెలిసినవారు కూడా ఒక యేడాది వృథా అవుతుందని వెనకాడుతుంటారు. వేళ్ళ మీద లెక్క వేసుకుంటే సరిపోతుంది. ఇంటర్ రెండేళ్ళు, బి.టెక్. నాలుగేళ్ళు, వెరసి ఆరు. డిప్లొమా మూడేళ్ళు, బి.టెక్.లో మిగిలిన మూడేళ్ళు, ఇదీ ఆరే. చివరకు చేతికి వచ్చే డిగ్రీ కూడా ఒకటే.

తేడా అంతా నడిమధ్యన ఉంది. నాలుగవ ఏట తుపాను వచ్చి కోతకు వచ్చిన వరి నీటిపాలైందనుకోండి. కౌలు కట్టాలి, అప్పు తీర్చాలి, చదువు ఆపక తప్పని పరిస్థితి వచ్చింది. ఇంటర్ దారిన వెళ్ళిన కుర్రవాడు అప్పటికి బి.టెక్. రెండవ సంవత్సరం నడుమ ఉంటాడు. అతని చేతిలో ఉన్నది ఇంటర్ సర్టిఫికెట్ ఒక్కటే. దానికి ఇంజనీరింగ్ పనిలో విలువ లేదు. డిప్లొమా దారిన వెళ్ళినవాడి చేతిలో ఉద్యోగానికి పనికివచ్చే పట్టా ఉంటుంది. రైల్వేలో జూనియర్ ఇంజనీరు ఉద్యోగాలకు, కేంద్ర ప్రభుత్వ స్టాఫ్ సెలక్షన్ కమిషన్ నిర్వహించే జూనియర్ ఇంజనీరు పరీక్షకు డిప్లొమా చాలు. మన రాష్ట్రంలో 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు ఇంజనీరింగ్ అసిస్టెంట్ల నియామకంలో డిప్లొమా వారిని కూడా తీసుకున్నారు. కొన్నాళ్ళు ఉద్యోగం చేసి, అప్పు తీరాక ఇసెట్ రాసినా అభ్యంతరం లేదు. ఒక్క పంట మీద బతికే ఇంటికి ఇది చిన్న ధీమా కాదు.

మన జిల్లా కేంద్రంలో ఈ దారి రెండు చివరలూ ఒకే ఊళ్ళో ఉన్నాయి. ఆంధ్రా పాలిటెక్నిక్ 1946లో పుట్టింది. ఇంజనీరింగ్ కళాశాల పుట్టిందీ ఆ ఏడాదే. ఆ కళాశాల 1972లో ఏర్పడిన జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయంలో భాగమైంది. 2008లో ఆ విశ్వవిద్యాలయాన్ని విడదీసినప్పుడు కాకినాడకు సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. ఆడపిల్లలకు ఇదే ఊళ్ళో ప్రత్యేకంగా ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్ ఉంది.

పాలిటెక్నిక్‌లో సీటుకు పాలిసెట్ రాయాలి. 120 ప్రశ్నలు, రెండు గంటలు. పదవ తరగతి లెక్కలు, భౌతిక, రసాయన శాస్త్రాలలోనివే అడుగుతారు. తప్పు జవాబుకు మార్కు కోత లేదు గనుక ఏ ప్రశ్ననూ వదిలిపెట్టి రావద్దు. తెలంగాణలోనూ ఈ పేరుతోనే పరీక్ష జరుగుతుంది.

తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది బ్రాంచి విషయంలో. కౌన్సెలింగ్ రోజున సివిల్‌లో వచ్చింది, సరే, తరువాత బి.టెక్.కు వెళ్ళేటప్పుడు కంప్యూటర్స్ తీసుకోవచ్చులే అనుకుంటారు. ఇసెట్‌లో అలా కుదరదు. డిప్లొమాలో ఏ బ్రాంచి చదివారో దానికి సంబంధించిన పేపరే రాయాలి, ర్యాంకు కూడా బ్రాంచి వారీగానే ఇస్తారు. సివిల్ డిప్లొమా వారు సివిల్ ఇంజనీరింగ్‌కు, ఎలక్ట్రికల్ వారు ఎలక్ట్రికల్‌కు, లేదా దానికి దగ్గరి శాఖకు వెళతారు. అంటే పదిహేనేళ్ళ వయసులో ఎంచుకున్న బ్రాంచే డిగ్రీ దాకా వెంట వస్తుంది. పక్కింటి కుర్రాడు చేరాడని చేర్చే ముందు ఆ బ్రాంచిలో ఏం నేర్పుతారో పాలిటెక్నిక్‌కు వెళ్ళి అడిగి తెలుసుకోవడం మేలు. మాస్టార్లు కాదనరు.

ఇసెట్ 200 మార్కులకు, మూడు గంటలు. అందులో 100 మార్కులు చదివిన బ్రాంచికి. లెక్కలకు 50, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 25. అర్హత పొందాలంటే 200లో 50 రావాలి. షెడ్యూల్డ్ కులాలు, తెగల వారికి ఆ నిబంధన లేదు. డిప్లొమాలో 45 శాతం మార్కులు ఉండాలి, రిజర్వేషన్ వర్గాల వారికి 40 చాలు. ఆఖరి సెమిస్టరు చదువుతున్నవారు కూడా రాయవచ్చు.

అర్హత పొందడం ఒక ఎత్తు, మంచి కళాశాలలో సీటు తెచ్చుకోవడం మరో ఎత్తు. డిప్లొమా వారికి కేటాయించేది, మంజూరైన సీట్లకు పైన అదనంగా పదో వంతు మాత్రమే. ప్రైవేటు కళాశాలల్లో మొదటి ఏట భర్తీ కాక మిగిలిన సీట్లు కూడా వీరికే వస్తాయి కాని, అలా మిగిలేవి గిరాకీ లేని చోటనే. విశ్వవిద్యాలయ కళాశాలలో ఆ కొద్ది సీట్లకు రాష్ట్రమంతటి నుంచీ పోటీ.

ఆ పోటీలో పిల్లలు దెబ్బతినేది లెక్కల దగ్గర. మొదటి సంవత్సరంలో చెప్పే మాత్రికలు, త్రికోణమితి, కలనగణితం పరీక్ష గట్టెక్కగానే మరచిపోతారు. వర్క్‌షాపు, డ్రాయింగు, ప్రాజెక్టు, పరిశ్రమలో శిక్షణ, వీటిలో పడి మూడవ ఏట పుస్తకం దుమ్ము దులిపేసరికి పరీక్షకు నెలో రెండు నెలలో ఉంటాయి. అప్పుడు కోచింగుకని వేలకు వేలు పోస్తారు. మొదటి ఏడాది నోటుపుస్తకాలు పాత కాగితాల వాడికి అమ్మకుండా, వారానికి రెండు పూటలు లెక్కలు చేసుకున్న కుర్రవాడికి ఆ ఖర్చు చాలావరకు తప్పుతుంది.

బి.టెక్.లో చేరాక మరో ఇబ్బంది. కౌన్సెలింగ్ ఆలస్యమైతే వీరు చేరేసరికి రెండవ సంవత్సరం పాఠాలు మొదలై ఉంటాయి. తోటివారు మొదటి ఏట చదివిన ఇంజనీరింగ్ గణితం, కంప్యూటర్ ప్రోగ్రామింగు వీరు ఆ స్థాయిలో చదివి ఉండరు. తెలుగు మీడియం బడి నుంచి వచ్చిన పిల్లలకు ఇంగ్లీషు బెరుకు డిప్లొమాలో కొంత తీరినా పూర్తిగా పోదు. అయితే లేతు మిషను ముందు, సర్వే పరికరం ముందు వీరి చేయి తిరిగి ఉంటుంది. ఇంటర్ నుంచి వచ్చినవారికి అక్కడ వీరే చూపించాలి. మొదటి సెమిస్టరు తట్టుకుంటే తరువాత ఫరవాలేదు.

పూర్వం ఉద్యోగంలో చేరిన డిప్లొమా వారు డిగ్రీకి సమానమైన ఎ.ఎం.ఐ.ఇ. పరీక్షలను ఇంట్లో చదువుకుని రాసేవారు. కలకత్తా కేంద్రంగా ఉన్న ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ వాటిని నిర్వహించేది. 2013 మే 31 తరువాత పేరు నమోదు చేసుకున్నవారికి ఆ సమాన గుర్తింపు లేదు. ఇప్పటికీ దాని పేరు చెప్పి డబ్బు వసూలు చేసేవారు తటస్థపడితే ఈ తేదీ గుర్తుంచుకోవాలి.

ఐ.టి.ఐ. చదివిన పిల్లలకూ దారి మూసుకుపోలేదు. బ్రిడ్జి కోర్సు, ప్రవేశ పరీక్ష అయ్యాక వారు డిప్లొమా రెండవ సంవత్సరంలో చేరవచ్చు. అక్కడి నుంచి ఇసెట్.

ఫీజు రీయింబర్స్‌మెంటు కన్వీనరు కోటాలో సీటు వచ్చినవారికే. స్పాట్ అడ్మిషన్‌లో చేరితే ఆ సౌకర్యం వర్తించదు గనుక, కళాశాల వారు ఏం చెప్పినా ముందే ఖర్చు లెక్క చూసుకోవాలి. పాలిసెట్ కౌన్సెలింగ్‌కు నాలుగు నుంచి పది వరకు, ఇసెట్ కౌన్సెలింగ్‌కు ఏడవ తరగతి నుంచి డిప్లొమా వరకు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బడులు మారిన పిల్లలైతే వేసవి సెలవులు ఇవ్వక ముందే హెడ్మాస్టర్ల దగ్గర అవి తీసుకుని, కుల, ఆదాయ ధ్రువపత్రాలతో కలిపి ఒక చోట పెట్టుకోవాలి.